లాంగ్ మీడ్‌లో జవాబు రాని కేక

లండన్‌కి చాలా దూరంలో ఉన్న మా మెల్‌కోట్‌లో పొద్దుగూకాక లాంగ్ మీడ్ వైపు ఎవరూ వెళ్ళేవారు కాదు.

వెళ్ళక తప్పని పనుంటే వాగు దాటి, కొండ చుట్టూ తిరిగి, బురదలో మోకాళ్ళదాకా కూరుకుపోతూ అయినా వెళ్ళేవారు గాని, ఆ మైదానానికి అడ్డంగా మాత్రం నడిచేవారు కాదు. తాగినవాడైనా సరే. నా పబ్బులోంచి తూలుతూ బయటపడ్డవాడు కూడా ఆ కంచె దగ్గరకొచ్చేసరికి నిటారుగా అయిపోయి, టోపీ సర్దుకుని, చుట్టుదారి పట్టేవాడు. ఇది నేను కళ్ళారా చూసిన సంగతి. ‘తెల్ల కుందేలు’ పబ్బు నాదేగా! మా నాన్న తర్వాత నేనే నడిపాను. దాని కిటికీలోంచి చూస్తే లాంగ్ మీడ్ కనిపిస్తుంది.

ఒకప్పుడది బడివాళ్ళ క్రికెట్ మైదానం. పెద్ద యుద్ధం అయిపోయాక బడివాళ్ళు గుట్ట మీద కొత్త మైదానం చదును చేయించుకున్నారు. దీన్ని వదిలేశారు. గడ్డి మోకాలెత్తు పెరిగింది. వాగు ఒడ్డున విల్లో చెట్లు నీళ్ళలోకి వంగిపోయాయి. ఒక పక్కగా పాత పెవిలియన్... కర్రల కట్టడం, కిటికీలకి అడ్డంగా చెక్కలు కొట్టేశారు. అక్టోబరు వచ్చిందంటే చాలు, సాయంత్రం దీపాలు పెట్టే వేళకి వాగులోంచి మంచు లేచి మైదానమంతా పాలు పోసినట్టు పరుచుకునేది.

ఆ మంచులోంచి వినిపించేది.

ఏడుపు కాదు. గొలుసుల చప్పుడూ కాదు. ఒక్క కేక —

“హౌ... జాట్!”

అంతే. మళ్ళీ నిశ్శబ్దం.

క్రికెట్ ఆడినవాడెవడికైనా తెలుసు, ఆ కేక ఒక ప్రశ్న. బ్యాటు పట్టుకున్నవాడు అవుటా, కాదా చెప్పమని అడగడం. అడిగాక ఎవరో ఒకరు జవాబు చెప్పాలి. లాంగ్ మీడ్‌లో కేక వినిపించేది. జవాబు వినిపించేది కాదు. వినేవాడికి గుండెలు జారిపోయేది అక్కడే... ఇప్పుడెవరైనా జవాబు చెప్తారేమో అని చెవులు రిక్కించుకుని నిలబడిపోవడం, ఎవరూ చెప్పకపోవడం.

బండి తోలే జెథ్రో క్యాడీ ఒక సాయంత్రం మా పబ్బులోకి వచ్చి పడ్డాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

“బ్రాందీ పొయ్యి ఆల్బీ.”

“ఏవైందిరా?”

“గుర్రం ఆగిపోయింది. కంచె దగ్గర. కొట్టినా కదల్లేదు. అప్పుడు...” గొంతు తగ్గించాడు. “అప్పుడు విన్నాను.”

“ఎవరి గొంతో పోల్చుకున్నావా?”

అటూ ఇటూ చూశాడు. “జోబ్‌ది. జోబ్ లార్కమ్‌ది.”

“జోబ్ పోయి ఏడాదిన్నర దాటింది కదరా!”

“మరందుకే కదా బీరు కాకుండా బ్రాందీ అడిగాను!”

పబ్బంతా నవ్వింది గాని, ఆ రాత్రి ఇంటికి ఒంటరిగా వెళ్ళినవాడు ఒక్కడూ లేడు.

జోబ్ లార్కమ్ ఎవరో చెప్పాలి. మా ఊరి రాతి గనిలో పనిచేసేవాడు. కుర్రతనంలో వాడి చేతిలో బంతి పడితే ఈ చుట్టుపక్కల నిలబడగలిగినవాడు లేడు. పెద్ద వేగం ఏమీ కాదు. కాని బంతి నేలని తాకాక, చివరి క్షణంలో, ఎవరో గుసగుసగా పిలిచినట్టు పక్కకి తిరిగేది. వాడు కౌంటీ జట్టులోకి వెళ్ళిపోతాడనీ, ఇక గని మొహం చూడడనీ ఊరంతా అనుకుంది. వెళ్ళలేదు. ఎందుకో ఎవరూ పెద్దగా ఆలోచించలేదు. ఇంకా కొన్నేళ్ళు గనిలోనే రాయి కొట్టి, ఆ తర్వాత బడిలో పిల్లలకి బంతి వెయ్యడానికీ, పిచ్ మీద రోలర్ లాగడానికీ కుదిరాడు. గని వదిలినా గని దుమ్ము వాడి ఊపిరితిత్తుల్ని వదల్లేదు. దగ్గుతూ దగ్గుతూనే బతికాడు. ఒక మార్చి నెల పొద్దున్నే పాత పెవిలియన్ ముందు బెంచీ మీద కూర్చుని ఉన్నాడు — కళ్ళు తెరిచి, పిచ్ వైపు చూస్తూ. అప్పటికే ఒళ్ళు చల్లబడిపోయింది.

ఆ వచ్చిన శరదృతువు నుంచే కేక మొదలైంది.

జోబ్‌ని బడిలో కుదిర్చింది హాస్కెట్ మాస్టారు. లయొనెల్ హాస్కెట్. ఈ కథ ఆయనదే.

ఎక్కడో ఒక చర్చి గురువు గారి ఆఖరి కొడుకు. చదువైపోగానే, ఇరవై రెండేళ్ళ వయసులో ఒక తోలుపెట్టె, రెండు బ్యాట్లు పట్టుకుని మా ఊరి బడికి లాటిన్ చెప్పడానికి వచ్చారు. ఏడాది తిరక్కుండానే కౌంటీ జట్టులో చోటు దొరికింది. డబ్బు తీసుకోకుండా ఆడే పెద్దమనుషుల కోవ ఆయనది. వేసవి సెలవులివ్వగానే రైలెక్కి వెళ్ళి ఆగస్టంతా కౌంటీకి ఆడి, సెప్టెంబరులో మొహం ఎర్రగా కమిలిపోయి తిరిగొచ్చి, మళ్ళీ సుద్దముక్క పట్టుకునేవారు. పేపర్లో ఆయన పేరు ముందు ‘మిస్టర్’ అని వేసేవారు. కూలికి ఆడేవాళ్ళకి ఉత్త పేరే. మైదానంలోకి దిగే గేట్లు కూడా వేరువేరు. ఒకే జట్టు, ఒకే టోపీ... గేట్లు వేరు.

పెళ్ళి చేసుకోలేదు. బడే ఇల్లు. ఆయన పిల్లలకి నేర్పిన లాటిన్ ఎంతమందికి గుర్తుందో గాని, ఒక్క మాట మాత్రం ఎవరూ మర్చిపోలేదు. “బంతి నీ బ్యాటుకి తగిలి వెనకవాడు పట్టుకున్నాడా? అంపైర్ కేసి చూడకు. ఎవరికీ వినిపించకపోయినా నీకు తెలుసు. నడిచి వచ్చెయ్.” ఒకసారి సొంత జట్టు కెప్టెన్ కుర్రాడే తగిలినా కదలకుండా నిలబడితే, ఆ సాయంత్రమే కెప్టెన్ పదవి ఊడబీకేశారు. కుర్రాడి తండ్రి లండన్ నుంచి దిగి గొడవ చేసినా తగ్గలేదు. జోబ్ ఆ పక్కనే రోలర్ లాగుతున్నాడట. తలెత్తి ఒకసారి మాస్టారి కేసి చూసి, మళ్ళీ రోలర్ లాక్కుంటూ వెళ్ళిపోయాడట.

ఆ మాస్టారు అరవైకి దగ్గరపడి బడి మానుకునే ఏడాది వచ్చింది. గుట్ట మీద కొత్త పెవిలియన్ కడుతున్నారు. దానికి ఆయన పేరే పెడతామన్నారు. పాతది కూల్చి, పనికొచ్చే కర్రంతా పైకి తీసుకెళ్తామన్నారు.

ఇక్కడినుంచి నేను చెప్పేదంతా మాస్టారు స్వయంగా నాకు చెప్పింది.

ఒక ఆదివారం సాయంత్రం ఆయన గదికి జోబ్ భార్య వచ్చింది. థిర్జా లార్కమ్. పొడుగ్గా, ఎముకలు తేలి, మొగాడిలా బరువైన గొంతుతో మాట్లాడే మనిషి. తలుపు దగ్గరే నిలబడింది.

“లోపలికి రండి మిసెస్ లార్కమ్. కూర్చోండి.”

“నిలబడే ఉంటాను సార్. ఒక్క మాట అడిగి పోతాను. లాంగ్ మీడ్‌లో జోబ్ గొంతు వినిపిస్తోందంటున్నారు. మీరు విన్నారా?”

“తాగుబోతుల మాటలండీ అవి. గుడ్లగూబ అరిచి ఉంటుంది.”

“ముప్పయ్యేళ్ళు కాపరం చేశాను సార్. మా ఆయన గొంతుకీ గుడ్లగూబ గొంతుకీ తేడా నాకు తెలీదంటారా?”

మాస్టారు బల్ల మీది పుస్తకాలు సర్దడం మొదలుపెట్టారు.

“ఆయన ఎవర్నో అడుగుతున్నాడు సార్,” అంది మెల్లగా. “ఎవర్నో... ఏమిటో. మీకేమన్నా తెలుసా?”

“నాకెలా తెలుస్తుంది?”

“మీరిద్దరూ ఇన్నేళ్ళు కలిసి ఉన్నారు కదా అని అడిగాను.” శాలువా బిగించుకుంది. “రేపు కాక పై సోమవారం పెవిలియన్ కూల్చేస్తారట కదా. అదీ పోయాక... ఆయన ఎక్కడ నిలబడి అడుగుతాడు సార్?”

జవాబు కోసం ఆగలేదు. మెట్లు దిగి వెళ్ళిపోయింది.

మర్నాడు మాస్టారు నలుగురూ వింటుండగా ఈ దెయ్యం గోల తేల్చిపారేస్తానన్నారు. లాంతరు పట్టుకుని, చేతికర్ర ఊపుకుంటూ, సాయంత్రం టీ అవగానే లాంగ్ మీడ్‌కి బయల్దేరారు. నేను కిటికీలోంచి చూశాను. లాంతరు వెలుగు కంచె దాటి, ఊగుతూ ఊగుతూ మంచులోకి వెళ్ళింది. పసుపు రంగు మచ్చలా మిగిలింది. తర్వాత... అదీ కనిపించలేదు.

మైదానం మధ్యకి వెళ్ళి నిలబడ్డారట. ఎంతసేపూ ఏమీ లేదు. వాగు చప్పుడు. తడిసిన గడ్డి వాసన. ‘గుడ్లగూబ కూడా లేదే’ అనుకుని నవ్వుకున్నారు. వెనక్కి తిరిగారు.

అప్పుడు...

“హౌ... జాట్!”

దూరంగా కాదు. పిచ్ అవతలి కొస నుంచి వచ్చినట్టుంది. మంచులో అది చుట్టూ తిరిగి, అన్ని వైపులనుంచీ ఒకేసారి అడిగినట్టయింది. చివర్లో ఆ గొంతు కొద్దిగా పైకి లేవడం... జోబ్ అలాగే అడిగేవాడు. అరుపు కాదది. నిజం తెలిసినవాడు, అయినా మర్యాదగా అడగడం.

“లాంతరు ఎక్కడ పడేశానో తెలీదు ఆల్బీ,” అన్నారు మాస్టారు నాతో. “వెనక్కి చూడకుండా పరుగెత్తాను. ఈ వయసులో. నా విద్యార్థులెవరైనా చూసి ఉంటే...”

కాని ఆయన్ని తరిమింది దెయ్యం భయం కాదు. ఆ కేక ఆయన అంతకుముందు విన్నదే. అదే పిచ్ మీద. అదే కొస నుంచి.

మాస్టారు మా ఊరు వచ్చిన మొదటి వేసవిలో లాంగ్ మీడ్‌లో ఒక మ్యాచ్ జరిగింది. కౌంటీ పెద్దలు కొత్తవాళ్ళని ఎంచుకోవడానికి వచ్చి, పెవిలియన్ ముందు కుర్చీల్లో కూర్చున్నారు. మా ఊరి జమీందారు గారు కూర్చిన పెద్దమనుషుల జట్టులో హాస్కెట్. ఊరి జట్టులో జోబ్. ఇద్దరికీ అదే అవకాశం. ఇద్దరికీ ఇరవై పైబడి రెండు మూడేళ్ళు.

మాస్టారు అప్పుడే బ్యాటు పట్టుకుని దిగారు, ఇంకా ఒక్క పరుగూ చెయ్యలేదు. జోబ్ బంతి వేశాడు. నేల తాకింది, చివరి క్షణంలో తిరిగింది... బ్యాటు అంచుని ముట్టీ ముట్టనట్టు ముట్టి, వెనక కీపర్ చేతుల్లో పడింది. కీపర్‌కి కూడా చప్పుడు వినిపించలేదు. గాలి హోరు. తెలిసింది ఇద్దరికే... వేసినవాడికీ, ఆడినవాడికీ.

జోబ్ తిరిగి అంపైర్‌ని అడిగాడు. “హౌ జాట్?”

అంపైర్ జమీందారు గారి గుమాస్తా. ఎదురుగా జమీందారు గారి అతిథి. ఏం చెయ్యాలో తెలీక మాస్టారి కేసి చూశాడు. మాస్టారు... తొడ రుద్దుకున్నారు. బంతి అక్కడ తగిలినట్టు.

అంపైర్ జవాబు చెప్పనే లేదు. అవుటనీ అనలేదు, కాదనీ అనలేదు. ఓవర్ అయిందని మొహం తిప్పుకుని అవతలికి నడిచాడు.

ఆ రోజు హాస్కెట్ సెంచరీ కొట్టారు. సాయంత్రం కౌంటీ పెద్దలు ఆయన భుజం తట్టారు. జోబ్‌కి ఒక్క వికెట్టూ పడలేదు. ‘కుర్రాడిలో పస లేదు’ అని ఎవరో అన్నారట. సోమవారం పొద్దున్న జోబ్ మామూలుగా గనిలోకి దిగాడు.

కొన్నేళ్ళకి జోబ్ దగ్గు వినలేక మాస్టారు అతన్ని బడిలో కుదిర్చారు. అప్పటికే ఆలస్యమైపోయింది. ఆ తర్వాత ఇన్నేళ్ళూ ప్రతి వేసవి సాయంత్రం జోబ్ బంతి వేశాడు, మాస్టారు ఆడారు. ఆ మ్యాచ్ గురించి వాళ్ళ మధ్య ఒక్క మాట దొర్లలేదు. “బాగా ఆడారు సార్” అనేవాడు జోబ్. ఆ మాట విన్నప్పుడల్లా తనకి వీపు మీద చల్లనీళ్ళు పోసినట్టుండేదన్నారు మాస్టారు.

లాంగ్ మీడ్ నుంచి పరుగెత్తుకొచ్చిన రాత్రి ఆయనకి నిద్ర లేదు. మర్నాడు క్లాసులో చదువుతూ చదువుతూ మధ్యలో ఆగిపోయి కిటికీ కేసి చూస్తుండిపోయారట. ఆ మర్నాడూ అంతే. శనివారం వచ్చింది. సోమవారం వడ్రంగులు గొడ్డళ్ళు పట్టుకొస్తారు.

శనివారం సాయంత్రం మాస్టారు అటకమీంచి పాత బ్యాటు దింపారు. ఎందుకు దింపారో తనకే తెలీదన్నారు. లాంతరు తీసుకోలేదు. మా పబ్బు ముందునుంచే వెళ్ళారు. కోటు కింద బ్యాటు పట్టుకుని, తల వంచుకుని నడుస్తుంటే జెథ్రో చూసి, “అదుగో, దెయ్యంతో మ్యాచ్‌కి పోతున్నాడు మాస్టారు! మన జట్టులో ఎవరైనా మిగిలారా, పిలవండ్రా!” అని నవ్వాడు. మాస్టారు నవ్వలేదు. అసలు విననే లేదేమో.

గడ్డి తడి మోకాళ్ళకి ఎక్కుతోంది. మంచు ఎంత దట్టంగా ఉందంటే పెవిలియన్ నల్లటి మరకలా కనిపిస్తోంది, అంతే. పిచ్ ఎక్కడో కాళ్ళకే తెలిసింది. క్రీజు దగ్గర నిలబడ్డారు. బ్యాటు నేలకి ఆనించారు. ఎవరో చూస్తున్నట్టు... ఎవరో వేచి ఉన్నట్టు... తల ఎత్తారు.

నిశ్శబ్దం.

వాగు కూడా ఆగిపోయినట్టుంది.

అప్పుడు అవతలి కొసలో అడుగుల చప్పుడు. మెల్లగా మొదలై... వేగం అందుకుని... చివర్లో ఎడమ కాలు కొద్దిగా ఈడ్చినట్టు. మాస్టారు ఆ నడక కళ్ళు మూసుకున్నా గుర్తుపట్టగలరు. మంచులో మనిషి ఎవరూ లేరు. అడుగులు మాత్రం వస్తున్నాయి. దగ్గరకొచ్చాయి...

ఆగాయి.

ఏదో గాలిని చీల్చుకుంటూ వచ్చింది. నేల మీద పడింది. తిరిగింది.

బ్యాటు అంచుకి... తగిలీ తగలనట్టు... తగిలింది.

“చప్పుడు లేదు ఆల్బీ. కాని నా వేళ్ళకి తెలిసింది. ఆ రోజు తెలిసినట్టే.”

ఒక క్షణం. ఇంకొక క్షణం. అప్పుడు వచ్చింది కేక.

“హౌ... జాట్?”

మాస్టారి చెయ్యి తనంతట తానే తొడ మీదకి పోయిందట. మంచులో, చీకట్లో, చూసేవాళ్ళెవరూ లేని చోట... ఆ చెయ్యి రుద్దుకోవడానికే వెళ్ళింది. దాన్ని చూసుకుని ఆయనకి తన మీద తనకే అసహ్యం వేసింది. జవాబు చెప్పకపోతే ఆ కేక తను చచ్చేదాకా... చచ్చాక కూడా...

“అవుట్,” అన్నారు.

వినిపించిందో లేదో. మళ్ళీ, బిగ్గరగా —

“అవుట్, లార్కమ్! ఈ రోజూ అవుటే, ఆ రోజూ అవుటే. నాకు తగిలింది. నాకు తెలుసు. తెలిసే నిలబడ్డాను.”

బ్యాటు చంకలో పెట్టుకున్నారు. పెవిలియన్ వైపు నడిచారు, అవుటైనవాడు నడిచినట్టు. మెట్లదాకా వెళ్ళారు. చెక్కలు కొట్టిన తలుపు ముందు కాళ్ళు ఆగిపోయాయి. జోబ్ కూర్చున్న బెంచీ ఖాళీగా ఉంది. దాని ముందు టోపీ తీసి ఒక్క నిమిషం నిలబడి, కంచె దాటి, తిన్నగా నా పబ్బుకి వచ్చారు.

మా పబ్బుకి రెండు తలుపులు. ఒకటి తివాసీ పరిచిన గదికి, పెద్దమనుషులకి. రెండోది రంపంపొట్టు చల్లిన గదికి, గనివాళ్ళకీ బండివాళ్ళకీ. మాస్టారు ఎప్పుడొచ్చినా తివాసీ వైపే. ఆ రాత్రి రెండో తలుపు తీసుకుని లోపలికొచ్చారు. చేతిలో బ్యాటు. జుట్టంతా మంచు.

అందరిముందూ చెప్పారు. మ్యాచ్ సంగతి, తొడ రుద్దుకున్న సంగతి, ఇప్పుడు మైదానంలో జరిగింది... అంతా. గనివాళ్ళు వింటున్నారు. వాళ్ళలో జోబ్‌తో కలిసి రాయి కొట్టినవాళ్ళున్నారు. అతని శవపేటిక మోసినవాళ్ళున్నారు. ఎవరూ కదల్లేదు. ఎవడైనా లేచి ఆయన్ని కొడతాడేమోనని నేను బల్ల వెనకనుంచి ఇవతలికి కూడా వచ్చాను.

చివరికి జెథ్రో పైపు నోట్లోంచి తీశాడు.

“ఏం సార్... పెవిలియన్ చేరడానికి ఇన్నేళ్ళు పట్టిందా?”

మాస్టారు వాడి కేసి చూశారు. కళ్ళలో నీళ్ళు. “చాలా దూరం జెథ్రో,” అన్నారు. “నేననుకున్నదానికన్నా చాలా దూరం.”

జెథ్రో బెంచీ మీద పక్కకి జరిగాడు. మాస్టారు కూర్చున్నారు. బీరు నేనే పోశాను.

మర్నాడు ఆదివారం. చర్చి అవగానే ఆయన థిర్జా ఇంటికి వెళ్ళొచ్చారు. దారిలో ఎదురై అడిగాను.

“క్షమించమన్నారా సార్?”

“అన్నాను.”

“ఏమంది?”

“కెటిల్ పొయ్యి మీద పెట్టింది.”

“అంతేనా?”

“అంతే. టీ బాగానే ఉంది ఆల్బీ.” కొంచెం ఆగి, “రెండో కప్పు కూడా పోసింది,” అన్నారు.

బడి పెద్ద మాస్టారికి కూడా వెళ్ళి చెప్పేశారు. కుర్రతనంలో బ్యాటుకి ఒక బంతి తగిలిందని ఇంత రాద్ధాంతమా అని ఆయన నవ్వేశారట. మాస్టారు నవ్వలేదు, తన పేరు పెట్టడానికి ఒప్పుకోలేదు. కొత్త పెవిలియన్‌కి ఆయన పేరు పడలేదు. ఎవరి పేరూ పడలేదు.

సోమవారం పాతది కూల్చేశారు. ఆ తర్వాత లాంగ్ మీడ్‌లో కేక ఎవరికీ వినిపించలేదు. జెథ్రో గుర్రం కూడా కంచె దగ్గర ఆగడం మానేసింది.

మాస్టారు ఊరు వదల్లేదు. వాగు పక్కన చిన్న ఇల్లు తీసుకుని, సాయంత్రాలు రంపంపొట్టు గదిలో గనివాళ్ళతో డామినోలు ఆడి ఓడిపోతూ గడిపారు. కొన్ని శీతాకాలాల తర్వాత, న్యుమోనియాతో, నిద్రలోనే పోయారు. ఊరంతా వచ్చింది. థిర్జా కూడా వచ్చింది, నల్ల టోపీ పెట్టుకుని, మా అందరికన్నా వెనక నిలబడింది.

పూడ్చిపెట్టి వచ్చాక జనం నా పబ్బులో చేరారు. థిర్జా వంటగదిలోకి వచ్చి పొయ్యి దగ్గర కూర్చుంది. టీ ఇచ్చాను.

“ఆల్బీ, ఎవరితోనైనా చెప్పాలి. నీతో చెప్తాను. నవ్వకు.”

“చెప్పమ్మా.”

“లాంగ్ మీడ్‌లో అరిచింది నేనే.”

నేను కప్పు కింద పెట్టేశాను.

“పెళ్ళయిన కొత్తల్లో జోబ్ ఒకే ఒక్కసారి చెప్పాడు, ఆ మ్యాచ్ సంగతి. మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు. కాని రాత్రి నిద్రలో అడిగేవాడు. ‘హౌ జాట్?’ అని. ప్రతి శరదృతువులోనూ... దగ్గు ఎక్కువైనప్పుడల్లా. జవాబు వినకుండానే పోయాడు ఆల్బీ. ఆ బెంచీ మీద కూర్చుని.” పొయ్యి కేసి చూస్తోంది. “ఆయన గొంతు నాకు రాదా? ముప్పయ్యేళ్ళు విన్నదాన్ని. పెవిలియన్ వెనక చెక్క ఒకటి ఊడి ఉండేది. దూరి లోపల కూర్చుని, ఆ ఖాళీ గోడల మధ్య అరిస్తే కొండకి తగిలేది. ఊరు చెప్పుకోవాలి, చెప్పుకుంటే ఆ మనిషి చెవిన పడుతుంది, పడితే ఏదో ఒక రోజు వస్తాడు అనుకున్నాను. ఎంతకీ రాకపోతే నేనే వెళ్ళి పిలిచాను.”

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. గుండెల మీంచి బరువు దిగినట్టయింది. దెయ్యం లేదు. ఏమీ లేదు. మొగుడి కోసం చలిలో కూర్చుని గొంతు చించుకున్న ఒక ముసలామె. అంతే.

“అమ్మ నా థిర్జా! ఊరందర్నీ హడలగొట్టావు కదమ్మా! ఆ శనివారం రాత్రి మాస్టారు బ్యాటు పట్టుకొచ్చి నిలబడినప్పుడు, సరిగ్గా అదను చూసి అరిచావు చూడు...”

ఆమె తల తిప్పి నా కేసి చూసింది. మొహం తెల్లగా పాలిపోయింది.

“ఆ రాత్రి నేను అరవలేదు ఆల్బీ.”

“అదేంటి?”

“చెక్క సందులోంచి చూశాను. మాస్టారు, మంచులో నీడలా, బ్యాటు నేలకి ఆనించి, తల ఎత్తి నిలబడ్డాడు. అరుద్దామని నోరు తెరిచాను. గొంతు రాలేదు. ఆ మనిషిని చూసి జాలేసిందో, ఏమో... చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుండిపోయాను.”

పక్కగదిలో ఎవరో నవ్వుతున్నారు. వంటగదిలో కట్టె చిటపటలాడింది. థిర్జా నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. ఆమె వేళ్ళు మంచుముక్కల్లా ఉన్నాయి.

“అప్పుడు...” గుసగుసలాడింది, “పిచ్ మీంచి... ఆ కేక నేనూ విన్నాను.”